నూనె పొర మీద ఇరుసు

మా సత్సంగం బండి పొగ వదులుతోందని నాకు మొదట చెప్పింది ఒక ఆటో అతను. ఇస్నాపూర్ చౌరస్తాలో ఆగి ఉంటే పక్కకొచ్చి తల బయటపెట్టి, "అమ్మా, దోమల మందు కొట్టుకుంట పోతున్నరా? మా బస్తీల గూడ జెర కొట్టిపోరాదు?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. వెనక సీట్లో కూర్చున్న పెద్దమ్మకు అర్థమై నవ్వింది. తల తిప్పి చూశాను. మా వెనకున్న లారీ ముఖం కనపడటం లేదు. నీలం రంగు పొగ, కాలిన నూనె వాసన.

నేను అప్పటికి పన్నెండేళ్లుగా బండి నడుపుతున్నాను గానీ బానెట్ కింద ఏముందో పట్టించుకున్న మనిషిని కాను. మా నాన్న కోస్తా నుంచి ఇక్కడి పబ్లిక్ సెక్టార్ ప్లాంటులో ఉద్యోగానికి వచ్చాడు. నేను ఆ క్వార్టర్స్‌లోనే పెరిగాను. తొమ్మిదో ఏట నుంచి పొద్దున్నే శ్లోకాలు అప్పజెప్పించుకున్నాడు. పురాణం చదవడం, అర్థం చెప్పడం నేర్పాడు. తర్వాత ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పాను. ఆదివారం ఉదయం సత్సంగంలో పారాయణం నా వంతు. ఇంతకుమించి నాకు వేరే చదువు లేదు. లోకంలో ఏం చూసినా ఆ చదువులోంచే చూస్తాను.

మా సత్సంగంలో ప్లాంటు నుంచి రిటైరైన కోస్తా వాళ్లూ, చుట్టుపక్కల ఊళ్ల రైతు కుటుంబాల వాళ్లూ ఇంచుమించు సమానంగా ఉంటారు. కీర్తన ఎత్తుకునే దగ్గర వాళ్ల యాస, అందుకునే దగ్గర మా యాస. మొదటి నుంచీ ఒక నియమం ఉంది: చేసిన సేవ చెప్పుకోకూడదు. చెప్పుకున్న సేవ చెల్లిపోయినట్టే అంటారు మా అన్నయ్యగారు. ఆయన్ని అందరం అలాగే పిలుస్తాం, ముప్పై ఏళ్ల కిందట సత్సంగాన్ని మొదలుపెట్టింది ఆయనే. ప్లాంటులో లేత్ మిషను మీద టర్నర్‌గా చేసి రిటైరయ్యారు. మందిరం ఎవరు ఊడుస్తారో, దీపంలో నూనె ఎవరు పోస్తారో, వచ్చిన వాళ్ల చెప్పులు ఎవరు వరసగా సర్దుతారో మాకు తెలియదు. తెలుసుకోవాలని చూడము కూడా. అడిగితే అవతలి వాళ్ల పుణ్యాన్ని గుంజుకున్నట్టు.

ఏడు సీట్ల డీజిల్ బండి ఒకటి అలాగే వచ్చింది, ఎవరిచ్చారో తెలియకుండా. పాతదే, కానీ టర్బో ఉన్న బండి, లాగుడు బాగుండేది. దాన్ని మందిరం ముందు ఉంచి, పెద్దమ్మ కోసం వాడటం మొదలుపెట్టాం.

పెద్దమ్మది రుద్రారం అవతల పల్లె. డెబ్బై దాటింది. సత్సంగంలో కీర్తన ఎత్తుకునేది ఆమే. రెండు కిడ్నీలూ పనిచేయడం ఆగిపోయి, వారానికి మూడుసార్లు, సోమ బుధ శుక్రవారాలు, పటాన్‌చెరు ఆసుపత్రిలో డయాలసిస్. కొడుకులిద్దరూ ఫ్యాక్టరీల్లో పగటి షిఫ్టు. మొదట్లో షేర్ ఆటోల్లో వెళ్లేది. డయాలసిస్ అయ్యాక బీపీ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి. ఒకసారి ఆటో దిగుతూ రోడ్డు మీద పడింది. దాంతో బండి ఆమె ప్రయాణాలకే పెట్టాం, నడపడం నేను తీసుకున్నాను. ఆ బండి లేకపోతే ఆమె ఒక్కోసారి వెళ్లడం మానేస్తుందనీ, మానేస్తే బతకదనీ మాలో అందరికీ తెలుసు.

అందుకే ఒక ఆదివారం మందిరంలో భజన అయ్యాక బానెట్ ఎత్తి, నూనె కొలిచే కడ్డీ లాగి చూసి, కింది గీత కన్నా తగ్గిందని గమనించినప్పుడు నేను ఎవరికీ చెప్పలేదు. అర లీటరు డబ్బా కొనుక్కొచ్చి పోసి, మూత బిగించి, చేతులు కడుక్కున్నాను. నా లోపల ఏదో తీపిగా అనిపించింది. అది కూడా ఎవరికీ చెప్పలేదు.

ఆటో అతను ఎగతాళి చేసిన వారం తర్వాత బుధవారం ఉదయం ఆసుపత్రి పోర్టికోలో బండి ఆపాను. తాళం తిప్పి తీశాను. ఇంజిన్ ఆగలేదు.

తాళం నా చేతిలో ఉంది. ఇంజిన్ మాత్రం నడుస్తోంది. నడవడమే కాదు, నేను కాలు పెట్టకుండానే వేగం అందుకుంది. చప్పుడు పెరిగి పెరిగి కేకలా అయింది. పొగ పోర్టికో అంతా కమ్మేసింది. బెంచీల మీద కూర్చున్న రోగులు లేచి పక్కకు పోతున్నారు. పొగలోంచి సెక్యూరిటీ అతను అరిచాడు: "మేడం, టాప్ గేర్ డాలో, బ్రేక్ దబాకే క్లచ్ ఛోడో." అలాగే చేశాను. బ్రేకు బలంగా తొక్కి, పెద్ద గేరు వేసి, క్లచ్ ఒక్కసారి వదిలాను. బండి ఒళ్లంతా విదిలించుకుని ఆగింది.

పెద్దమ్మ వెనక నుంచి నెమ్మదిగా అంది, "నీ బండి నీ మాటినుడు ఇడిసిపెట్టింది, టీచరమ్మా."

నేను స్టీరింగు వదల్లేకపోయాను. భయమొక్కటే కాదు అది. తన నూనె తానే తాగి, ఎవరి ఆజ్ఞా లేకుండా రగిలే నిప్పును నేను అప్పుడే మొదటిసారి చూశాను. అలాంటి అగ్ని గురించి ఎన్నోసార్లు చదివి అర్థం చెప్పాను. చెప్పిన అర్థాలన్నీ ఎంత చల్లగా ఉన్నాయో ఆ పోర్టికోలో తెలిసింది.

బండిని తాడుకట్టి దగ్గర్లోని గ్యారేజీకి లాగించాం. అక్కడతను స్టార్ట్ చేసి, పొగ చూసి, ఆపి, "టర్బో పోయింది. పిస్టన్ రింగులు కూడా పోయుంటాయి. ఇంజిన్ మొత్తం విప్పాలి. ఈ పాత బండికి అంత ఎందుకు, తుక్కు కింద ఇచ్చేయండి," అన్నాడు. సంగతి అన్నయ్యగారికి చెప్పాను. "ఆదివారం అందరం కూర్చుని తేల్చుకుందాం," అన్నారు. ఆయన గొంతులో బండి అప్పటికే అమ్ముడైపోయినట్టుంది.

శుక్రవారం పెద్దమ్మ ఆటోలో వెళ్లింది. తోడుగా నేనూ వెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు పటాన్‌చెరు బస్టాండు దగ్గర వాంతి చేసుకుంది. సిమెంటు బెంచీ మీద నా ఒళ్లో తల పెట్టుకుని అరగంట పడుకుంది. లేచాక, "సోమారం నేను రాను, బిడ్డా," అంది. కోపంగా కాదు, కూరలో ఉప్పు చాల్లేదన్నట్టు మామూలుగా అంది.

"అలా అనకు పెద్దమ్మా. బండి బాగవుతుంది."

"ఎవలు జేస్తరు? తుక్కోళ్లా?" మళ్లీ తనే అంది, "మా ఊరి పిల్లగాడున్నడు. ట్రాక్టర్ల మీద చెయ్యి తిరిగినోడు. గాణ్ణి అడుగుదాం."

ఆ పిల్లగాడికి యాభై ఏళ్లున్నాయి. ఊరివాళ్లంతా మేస్త్రి అంటారు. పొలం పోయాక ట్రాక్టర్లు, బోరు మోటార్లు బాగుచేయడం నేర్చుకుని, రుద్రారం దాటాక హైవే పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాడు. శనివారం ఉదయం ట్రాక్టర్‌తో బండిని అక్కడికి లాక్కెళ్లాం. పెద్దమ్మ కూడా వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది.

నేను తాళం ఇవ్వబోతే మేస్త్రి తీసుకోలేదు. "ఇప్పుడే స్టార్ట్ చెయ్యద్దు. తాళం తీసినా ఉరికిందంటున్నరు గదా. ముందుగాల చెప్పుండ్రి, పొగ ఏం రంగు?"

"నీలం."

"మంచిగ చూసిండ్రా? నల్లగొస్తే డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. తెల్లగొస్తే నీళ్లన్న పోతున్నయి, డీజిల్ అన్న కాలకుండ ఒస్తున్నది. నీలమొస్తేనే నూనె."

"నీలమే. లారీ ముఖం కనపడలేదు."

"ఎప్పుడొస్తది? పొద్దుగాల స్టార్ట్ చేసినప్పుడా, ఎత్తు ఎక్కినప్పుడా, నిలబెట్టి మల్ల తొక్కినప్పుడా?"

ఆలోచించాను. "ఆగి మళ్లీ కదిలినప్పుడు ఎక్కువ. రోడ్డు మీద సాఫీగా పోతుంటే తక్కువ."

"రింగులు పోతే ఎత్తు మీద గుంజినకొద్ది ఒస్తది. గట్ల లేదంటున్నరు." తల ఊపాడు. చూడకుండా ముందు అడగడం నాకు నచ్చింది. మేమూ అంతే. ఒక శ్లోకానికి అర్థం చెప్పేముందు ఎవరు అన్నారు, ఎవరితో అన్నారు, ఏ సమయంలో అన్నారు అని చూస్తాం. అప్పుడే మాట తన అర్థం తాను ఇస్తుంది.

తర్వాత బానెట్ ఎత్తి కడ్డీ లాగాడు. వాళ్ల మాటలో అది గేజి. గుడ్డతో తుడిచి మళ్లీ ముంచి తీశాడు. మూడోసారి కూడా చేశాడు. ఏమీ అనకుండా నా ముందు పెట్టాడు. కడ్డీ కొన మీద రెండు గీతలున్నాయి. నూనె ఆ రెంటి మధ్య ఉండాలి. పై గీతకు రెండు వేళ్ల ఎత్తున, నల్లగా మెరుస్తోంది.

"టీచరమ్మా, నూనె కాలితె తక్కువ గావాలె గదా. మరి ఇదేంది? ఎవలు పోసిండ్రు?"

చేసింది చెప్పుకోకూడదు. ముప్పై ఏళ్ల నియమం. పెద్దమ్మ వైపు చూస్తే ఆమె రోడ్డు వైపు చూస్తోంది. చివరికి నేల చూస్తూ చెప్పాను, "అర లీటరు నేను పోశాను."

మేస్త్రి నవ్వాడు. "అర లీటర్‌తోని గింత ఎక్కదు, అమ్మా. అబద్ధం జెప్తే డాక్టరు దగ్గర, మేస్త్రి దగ్గర చెల్లదు."

"అబద్ధం కాదు, మేస్త్రీ. నాకు తెలిసింది అంతే."

కింద పడుకుని నట్టు విప్పి, నూనెంతా దించాడు. గీతలున్న డబ్బాలో కొలిచాడు. ఆరు లీటర్లు పట్టే ఇంజిన్లోంచి ఎనిమిదికి కాస్త తక్కువ వచ్చింది. డబ్బా వైపు చూసి, గేజి కూడా చూడని గ్యారేజీ అతణ్ణి ఒక మాట తిట్టి, మా వైపు తిరిగి, "మీరు దేవునికి పోసినట్టు బండికి పోసిండ్రు," అన్నాడు.

"ఎక్కువ పోస్తే నష్టమేమిటి? నూనే కదా," అన్నాను. నిజంగా తెలియకే అడిగాను.

ఓపిగ్గా చెప్పాడు. టర్బోకు నూనెను పంపు పైనుంచి నూకుతుంది. పని చేసిన నూనె కిందికి దిగడానికి మాత్రం ఏ పంపూ లేదు. తన బరువుకు తానే జారి అడుగున ఉన్న చాంబర్‌లో పడాలి. "చాంబర్ నిండుగుంటే అది యాడికి పోతది? అక్కడ్నే నిలుస్తది. నిలిచి నిలిచి పక్క సందులకెల్లి గాలి పైపులకు కారుతది. ఇంజిన్ గాలితోని దాన్ని గూడ పీలుస్తది. గదే మీ నీలం పొగ. పైపుల బాగ జమైతే, తాళం తీసినా ఇంజిన్‌కు తిండి దొరికినట్టే. గదే మీ ఉరుకుడు. మీరేమో తగ్గిందని మల్ల పోసిండ్రు."

పెద్దమ్మ చీర అంచు కాస్త పైకెత్తి తన పాదాలు చూపింది. ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడేలా ఉన్నాయి. "నా లెక్కనే. నీళ్లెక్కువైతే ముందు కాళ్లల్లకొస్తది, ఎనక ఊపిరితిత్తులకొస్తది. డాక్టరు రోజుకు నాలుగు చిన్న గ్లాసులన్నడు. మా కోడలు పాపం, అత్తకు దాహమని ఐదోది ఇస్తది."

నేను ఆ పాదాలు చూశాను, డబ్బాలోని నూనె చూశాను. ఒకటి ఇనుము, ఒకటి మాంసం. రెండింటికీ ఒకటే ఆజ్ఞ రాసి ఉంది. ప్రేమతో పోసినా సరే, కొలత దాటితే ప్రాణం పోసేదే ప్రాణం తీస్తుంది.

"ఇగ అసలు ముచ్చట," అన్నాడు మేస్త్రి. "టర్బో బతికుందా, పోయిందా చూడాలె. నూనె నురుగై సక్కగ అందకపోతే లోపల ఇరుసు రాసుకుని అరుగుతది. అరిగితే నా చేతుల పని గాదు. గ్యారేజోడు చెప్పిందే నిజం."

గాలి పైపు రబ్బరు గొట్టం విప్పాడు. దాంట్లోంచి చిక్కటి నూనె దారగా కారింది. కారిపోయాక లోపలికి టార్చి కొట్టి నన్ను రమ్మన్నాడు.

నేను ఏం చూస్తానని వెళ్లానో నాకు తెలియదు. ఒక చక్రం ఉంది. నా పిడికిలి కన్నా చిన్నది. పల్చటి రెక్కలు, ఒక్కొక్కటీ కొద్దిగా మెలి తిరిగి, వెండిలా మెరుస్తూ, నూనెలో తడిసి ఉన్నాయి. మేస్త్రి వేలితో మీటితే చప్పుడు లేకుండా తిరిగి, నెమ్మదిగా ఆగింది.

"బండి ఎత్తు ఎక్కేటప్పుడు ఇది నిమిషానికి లక్ష సుట్లకు పైనే తిరుగుతది."

నేను నమ్మలేదు. మళ్లీ అడిగాను. లక్షే అన్నాడు.

"దీన్నెవరు తిప్పుతారు?"

"ఎవలు దిప్పుతరు? పొగనే. ఇంజిన్ ఇడిసిన పొగ అటు పక్క ఇంకో చక్రం మీదికెల్లి పోతది. గా చక్రం, ఈ చక్రం ఒకటే ఇరుసుకున్నయి. అది తిరిగితె ఇది తిరుగుతది. ఇది తిరిగి బయటి గాలిని లోపలికి నూకుతది."

వదిలే ఊపిరి పీల్చే ఊపిరిని తిప్పుతోంది. చిన్నప్పుడు నాన్న నాకు ప్రాణం, అపానం అని రెండు మాటలు చెప్పి, ఒకటి బయటికి, ఒకటి లోపలికి, రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి అన్నాడు. ఎలా పట్టుకుంటాయి నాన్నా అంటే, అది తెలిస్తే ఇంక తెలుసుకోవాల్సింది లేదు అన్నాడు. నాకు అరవై దగ్గర పడ్డాక రుద్రారం పక్కన రేకుల షెడ్డులో ఒక ఇరుసు మీద అది చూశాను.

"మీరే పట్టి చూడుండ్రి," అన్నాడు మేస్త్రి. "ముందుకు గుంజుండ్రి."

చెయ్యి కొంగుకు తుడుచుకుని, చక్రం మధ్య నట్టును రెండు వేళ్లతో పట్టుకుని లాగాను. కదల్లేదు. వెనక్కి నొక్కాను. కదల్లేదు.

"ఇప్పుడు పక్కకు."

కొంచెం కదిలింది. చాలా కొంచెం, వెంట్రుక మందం. "కదులుతోంది, మేస్త్రీ. అరిగిపోయిందా?"

"లేదు. గది ఉండాలె. ముందుకెనకకు కదలద్దు, పక్కకు గంత కదలాలె. ఆ సందు నూనెది. పంపు నూనె నూకంగనే ఆ సందు నిండుతది. ఇరుసు దాని మీద తేలుతది. లక్ష సుట్లు తిరిగినా ఇనుముకు ఇనుము తాకదు. తాకిన నాడు అయిపోయినట్టే." రెక్కల అంచులన్నీ టార్చి వెలుతురులో వరసగా చూశాడు. ఎక్కడా గోడకు రాసుకున్న గీత లేదు. "బతికే ఉన్నది. మీ అదృష్టం."

నేను అక్కడే నిలబడిపోయాను. సృష్టికి ఆధారం ఏమిటి, ఆ ఆధారానికి ఆధారం ఏమిటి అని ఎన్ని ఆదివారాలు మాట్లాడుకున్నామో. నీటి మీద, శేషుడి మీద, కంటికి కనపడని దాని మీద అని చదివాను. ఈ చక్రం నూనె మీద నిలబడింది. పట్టుకునేది ఏదీ లేదు. వెంట్రుకంత పొర, అంతే. అది అందినంతసేపూ ఏదీ అరగదు. ఈ బండిలో ఇన్నాళ్లు తిరిగాను. నా మోకాళ్లకు మూరెడు దూరంలో ఇది జరుగుతూనే ఉంది. దండం పెట్టుకోవాలని చేతులెత్తి, మేస్త్రి ఏమనుకుంటాడో అని దించుకున్నాను.

"టీచరమ్మా, కింద మేకులుంటయి. చెప్పులేసుకోండ్రి," అన్నాడు అతను.

చూసుకుంటే కాళ్లకు చెప్పులు లేవు. షెడ్డు గడప దగ్గర విడిచి ఉన్నాయి. ఎప్పుడు విడిచానో నాకు గుర్తులేదు.

పైపులన్నీ విప్పి కడుగుతూ అతను చివరి మాట చెప్పాడు. "రేపు బండి నేనే తెస్త. గని పోసినోళ్లెవరో తేలకుండ తాళం ఇయ్య. మీరు మంచోళ్లు, మల్ల పోస్తరు. ఇంకోసారి గట్ల ఉరికితె గేరేసినా ఆగదు. లోపల పెద్దమ్మ కూసుంటది."

ఆ మాటతో నాకు దారి లేకుండా పోయింది.

ఆదివారం పారాయణంలో నేను చదివిందేమిటో నాకే వినపడలేదు. హారతి అయ్యాక అన్నయ్యగారు బండి సంగతి ఎత్తారు. మేస్త్రి అప్పటికే బండి తెచ్చి లోపల పెట్టి, గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నేను లేచాను. "నేను ఒక తప్పు చెప్పుకోవాలి. నియమం కూడా తప్పుతున్నాను. బండిలో అర లీటరు నూనె నేను పోశాను." ఎనిమిది లీటర్ల సంగతి, పెద్దమ్మ ప్రయాణం సంగతి చెప్పి, "ఇంకెవరైనా పోసుంటే చెప్పండి. పుణ్యం పోతే పోనివ్వండి," అన్నాను.

ముప్పై ఏళ్లలో మా మందిరంలో ఎవరూ నేను చేశాను అని అనలేదు. ఆ మాట గోడలకు కొత్త. కొందరు నన్ను చూడలేక తలలు దించుకున్నారు.

డోలక్ వాయించే అతను గొంతు సవరించుకున్నాడు. "మంగళారం మంగళారం నేను పోస్తున్న. జెరంత." తర్వాత భార్యాభర్తలిద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, ఇద్దరూ వేరువేరుగా, ఒకరికి తెలియకుండా ఒకరు పోశారని అక్కడే తేలింది. ఇంకొకరు. ఇంకొకరు. చివరికి అన్నయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "నేనూ పోశాను. రెండుసార్లు," అన్నారు.

పెద్దమ్మ చెయ్యెత్తింది. "నేను మా పెద్దోనితోని ఒకపారి పోయించిన."

"నిన్న షెడ్డులో ఉండి ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా?" అన్నాను.

"నువ్వు అర లీటరేనని గట్టిగున్నవు. నియమం నీకొక్కదానికేనా?"

హాలంతా నవ్వింది. ఆ నవ్వులో నా కళ్లు చెమ్మగిల్లాయి. మొత్తం ఎనిమిదిమంది. ఎవరికీ ఎవరి సంగతీ తెలియదు. అందరూ ఒక్క మనిషి ప్రాణం కోసం, ఒక్క రంధ్రంలోనే పోశారు.

మేస్త్రి నవ్వలేదు. "పోసేటప్పుడు గేజి చూసిండ్రా?" అని అడిగాడు.

చూశామన్నారు అందరూ. కింది గీత కన్నా తక్కువే ఉందన్నారు. అన్నయ్యగారు అయితే మూడుసార్లు తుడిచి చూశానన్నారు. మేస్త్రి నొసలు ముడిచి బయటికి నడిచాడు. మేమూ వెనకే వెళ్లాం.

మా మందిరం బండరాళ్ల మిట్ట మీద ఉంది. గేటు నుంచి గుమ్మం దాకా నేల ఏటవాలు. అక్కడ ఏ బండి పెట్టినా ముఖం స్వామి వైపే ఉండాలి, స్వామికి వీపు చూపకూడదు. ఆ ఉదయం మేస్త్రి చేత కూడా మావాళ్లు అలాగే పెట్టించారు. బండి ముక్కు పైకెత్తి, గర్భగుడి వైపు చూస్తూ నిలబడి ఉంది. అతను దాన్ని అటు నుంచి ఇటు చూశాడు. బానెట్ ఎత్తి గేజి లాగి మా ముందు పెట్టాడు. నిన్న తన చేతులతో కొలిచి సరిగ్గా ఆరు లీటర్లు పోసిన ఇంజిన్. కడ్డీ మీద నూనె కింది గీతకు కూడా అందలేదు.

బండిని గేటు బయట సమంగా ఉన్న రోడ్డు మీదికి తెచ్చి, పది నిమిషాలు ఆగమన్నాడు. ఎండలో ఎవరూ కదల్లేదు. మళ్లీ లాగాడు. నూనె రెండు గీతల మధ్య, పై గీతకు కాస్త కింద ఉంది.

"దేవుని దిక్కు మొహం పెట్టిండ్రు, మంచిదే," అన్నాడు. "ముక్కు మీదికి లేస్తే నూనె ఎనకకు పోతది. గేజి ముంగటుంటది. గంతే."

అన్నయ్యగారు కడ్డీని చేతిలోకి తీసుకున్నారు. జీవితమంతా లేత్ ముందు నిలబడి వెంట్రుకలో సగం మందం కొలిచిన మనిషి. "ముప్పై ఏళ్లు కొలిచాను," అన్నారు మెల్లగా, "బల్ల సమంగా ఉందా అని ముందు చూడకుండా ఏనాడూ కొలవలేదు. ఇక్కడ చూడలేదు." కడ్డీ తిరిగి మేస్త్రికి ఇచ్చి అందరికీ వినపడేలా చెప్పారు. బండి ఉంటుంది. ఇక నుంచి గేటు బయట రోడ్డు మీదే ఉంటుంది. ఊడ్చేది, సర్దేది ఎవరికీ చెప్పకండి. కొలిచి చేసేది మాత్రం చెప్పి చేయండి. గేజి టీచరమ్మ ఒక్కరే చూస్తారు.

ఒక పెద్దావిడ, "బండి స్వామికి పక్కచూపుతో నిలబడాలా?" అని గొణిగింది. మేస్త్రి తాళం నా చేతిలో పెట్టాడు. "సైలెన్సర్ల పాత నూనె ఉన్నది. రెండు మూడు రోజులు పొగొస్తది. పరేషాన్ గావద్దు. నూనె మాత్రం పొయ్యద్దు."

సోమవారం పెద్దమ్మ ఇంటి ముందు హారన్ కొట్టాను. ఆమె సంచి పట్టుకుని సిద్ధంగా అరుగు మీద కూర్చుని ఉంది. వస్తానని గానీ రానని గానీ అనలేదు, ఎక్కి కూర్చుంది. రుద్రారం దాటేదాకా పొగ వచ్చింది, నీలంగానే. ఇస్నాపూర్ దగ్గరికి పల్చబడింది. నేను మాటిమాటికీ వెనక్కి చూస్తుంటే, "ముంగట చూసి నడుపు," అంది పెద్దమ్మ. పోర్టికోలో తాళం తిప్పాను. ఇంజిన్ ఆగింది. సెక్యూరిటీ అతను రెండడుగులు వెనక్కి వేసి, ఆగిందని చూసి, సెల్యూట్ చేశాడు.

లోపల నర్సు పెద్దమ్మను తూకం మిషను ఎక్కించి, ఎన్ని గ్లాసులు తాగావని అడిగింది. నాలుగే అంది. అంకె చూసి నర్సు నమ్మింది. పెద్దమ్మకు సూదులు పెట్టి, గొట్టాలు కలిపాక, నాలుగు గంటలు నాకేం పని లేదు.

ఆసుపత్రి వెనక పార్కింగ్ సిమెంటు నేల, సమంగా ఉంటుంది. బండిని అక్కడ పెట్టి, గడియారం చూసుకుని ఆగి, బానెట్ ఎత్తి గేజి లాగాను. తుడిచి, ముంచి, తీశాను. నూనె రెండు గీతల మధ్య ఉంది. నిన్నటి కన్నా వెంట్రుకంత కింద ఉందేమో అనిపించింది. అనిపించడమే కావచ్చు. వెనక సీటు కింద ఎవరో పెట్టిన అర లీటరు డబ్బా ఉంది, సీలు తీయనిది. చెయ్యి దాని వైపు పోయింది. ఇంత పోస్తే ఏమవుతుంది, మంచికే కదా అనే గొంతు నాకు బాగా పరిచయమైన గొంతే. ఇన్నాళ్లూ దాన్ని భక్తి అనుకున్నాను.

పోయలేదు. గేజిని దాని చోట గుచ్చి, బానెట్ దించి, పెద్దమ్మ పక్కన కూర్చోవడానికి లోపలికి వెళ్లాను.